గట్టు పలికిన పూర్వపక్షము

అది జ్యేష్ఠమాసము. నడిమింటి కెక్కిన మార్తాండుని చండకిరణతాడనమునకు తాళజాలక వేలాపురమున కాకులు సైతము కూయుట మాని చూరుల క్రిందికి చేరెను. తాటితోపుల నీడలు తమ మొదళ్లలోనికే ముడుచుకొనెను. సముద్రమునుండి వీచవలసిన గాలి యెచ్చటనో నిలిచిపోయెను. ఉప్పుపొర గట్టి తెల్లబారిన వీథులలో మనుష్యసంచారము లేదు. ఊరికి పడమట తృణగుల్మలతావిరహితమై పక్షికైనను గూడొసగని మారుపలుకుగట్టు మాత్రము నల్లని యేకశిలారూపమున నిలిచి ఆ నిశ్శబ్దములో దేనికొరకో చెవి యొగ్గి వేచియున్న ట్లుండెను.

ఆ గట్టునుగూర్చి వేలాపురవాసుల కొక యాచారము కలదు. గట్టున కెదురుగా సభాశిల యను చదునైన బండ యున్నది. ఊరికంతకు సంబంధించిన వివాదము పుట్టినప్పుడు పౌర్ణమినాటి మధ్యాహ్నమున జనులు దానిచుట్టు చేరుదురు. వాదియు ప్రతివాదియు బండ నెక్కి కంఠమెత్తి పలుకగా గట్టు వారి మాటలను మారుపలుకును. మనుష్యులను ఊరు వెడలగొట్టునట్టి పెద్దవివాదమైనచో మూడు పౌర్ణములు వాదము విని నాలుగవ పౌర్ణమిని చేతులెత్తి తీర్పు చెప్పుదురు. ఆనాడు ఇరువురి మాటలను గట్టు పలికి తీరవలయును. ఏ యొక్కరి మాట పలుకకున్నను చేతు లెత్తరాదు. వివాదము మరుసటి పౌర్ణమికి పోవలసినదే. రాజు లేని యా యూరికి ఆ గట్టే రాజు. కానుకలు పుచ్చుకొనని రాజు గనుక జనులకు దానియందు గురి మెండు. విన్నమాటను అది మరువదను సంగతి మాత్రము ఆ యేటివరకు ఎవరును ఎరుగరు.

అప్పటికి నాలుగేండ్లుగా ఊరి బావులలో నీరు ఉప్పగుచుండెను. ఉప్పునీటిలో పప్పుడుకదు. నేతవీథిలో రంగులు పట్టక చీరలు వెలవెలబోయెను. పసిబిడ్డలు కడుపుజబ్బులతో తీసుకొని తీసుకొని కొందరు దక్కలేదు. జనులు పోయి ఊరిపెద్దలగు ఏడుగురితో మొరవెట్టుకొనిరి. ఆ యేడుగురును చదువుకొన్నవారు, మర్యాదస్థులు, మొరను కడవరకు విని తలలూపి విచారింతుమని పంపివేయుటలో ఆరితేరినవారు.

అట్టి తరుణమున కొమ్మన తల యెత్తెను. అతడు సుంకపుద్వారమున కావలి కాచిన బంటు. శాస్త్ర మొక్కటియు చదువలేదు గాని పప్పుడుకని యింటి యిల్లాలితో నేమి మాటాడవలయునో క్షుణ్ణముగా నెరిగినవాడు. ఊరి తూర్పున పాయయొడ్డున నూతివారను నలువది కుటుంబములవారు కలరు. బావులు త్రవ్వుటకై మూడు తరముల క్రిందట ఈ యూరివారే వారిని మెట్టసీమనుండి పిలిపించుకొనిరి. కొమ్మన వారిని వ్రేలు చూపి యిట్లనెను: బావి చెడినచో క్రొత్తబావి త్రవ్వవలయును, త్రవ్వినచో కూలి యెవరికి? కావున ఉప్పును పిలిచినదెవరు? ఇంతటి సులభమైన ప్రశ్నకు బదులు చెప్పుటకు ఎవరికిని చదు వక్కరలేకపోయెను. నీరు మనది! ఉప్పు వారిది! వెడలగొట్టుడు! అని యతడు సభాశిలపైనుండి కేకవేయగా గట్టు మూడు మారులు కేకవేసెను.

అతని కెదురు నిలిచినవాడు తర్కవాచస్పతి నృహరిశాస్త్రి. ఏడుగురు పెద్దలలో నొకడు. అరువదేండ్ల వయస్సును అంతకు మించిన కంఠమును ఆ రెంటికిని మించిన ధర్మబుద్ధియు కలవాడు. ముప్పదేండ్ల క్రిందట నూతివారి యోబమ్మ భర్త శాస్త్రి పెరటిలో బావి త్రవ్వుచు మన్ను విరిగిపడి చనిపోయెను. నాడు శాస్త్రి ఆ బావియొడ్డున నిలిచి నేను బ్రదికియుండగా మీవారిని ఈ యూరినుండి కదలింపగలవాడు లేడని యోబమ్మకు మాట యిచ్చెను. ఆ మాట నిలుపుకొనుటకే యతని తాపత్రయమంతయు. అందు రవంతయైనను కల్మషము లేదు. కాని యతడు చేసిన తప్పు పండితుడు గాక మరియొకడు చేయజాలని తప్పు.

ఖండింపదలచిన పరవాదమును ముందుగా తానే పరునికంటె బలముగా లోపరహితముగా వినిపించి పిమ్మట సిద్ధాంతము చేయుట తార్కికుల మర్యాద. దానికే పూర్వపక్షమని పేరు. పరుని మాటను కుంటిదానిగా జేసి కొట్టువాడు పిరికివాడని శాస్త్రి శిష్యులతో ననుచుండెడివాడు. కావున ఫాల్గుణ పౌర్ణమినాడతడు బండ నెక్కి అలవాటుచొప్పున రెండు మారులు గొంతు సవరించుకొని కొమ్మన మాటలతోనే మొదలిడి యతని వాదమును పూర్వపక్షము చేసెను. ఏమని చెప్పుదును! పితృపితామహార్జితమై పురుషానుపురుషమనుభూతమైన స్వీయమధురజలసంపదను పరదేశాగతులైన ఖనకులు స్వప్రయోజనపరాయణులై లవణదూషితము గావింపుచుండ మాతృస్తన్యసదృశమైన యా జలము నెడబాసి శోకించు పౌరుల కన్నీ రెవరు తుడుతురని యతడెత్తుకొనగా స్త్రీలు కొంగులతో కండ్లొత్తుకొనిరి. కొమ్మన మోటుగా విసరిన రాయి శాస్త్రి చేతిలో శిల్పమయ్యెను. గాలి లేని ఆ మిట్టమధ్యాహ్నమున గట్టు ఒక్క యక్షరమైనను పోనీయక దానినంతయు మారుపలికెను.

పూర్వపక్షము ముగియునప్పటికి ప్రొద్దు వాలును. సముద్రపుగాలి లేచును. సిద్ధాంతము మొదలగునప్పటికి గాలిలో గట్టు గొణుగుటయే గాని పలుకుట లేదు. జనులు మజ్జిగకుండలవైపు మరలుదురు. చైత్రమునను ఇట్లే జరిగెను, వైశాఖమునను ఇట్లే జరిగెను. కొమ్మన చేతులు కట్టుకొని వినయముతో వినుచు వైశాఖసభ ముగిసినప్పుడు శాస్త్రికి నమస్కరించి "అయ్యా, నా మాటను నేనైనను మీవలె చెప్పలేను. మీ ఋణ మెట్లు తీర్చుకొందును?" అనెను. శాస్త్రి దానిని వెటకారమని యనుకొనెను. పాపము, అది నిజమైన కృతజ్ఞత.

జ్యేష్ఠము వచ్చెను. చేతులెత్తు పౌర్ణమికి ఇంక తొమ్మిది దినము లున్నవి. శాస్త్రి భోజనమునకు ముందు చావడిలో కూర్చుండి తాటాకుపై నాలుగవ వాదమును వ్రాసికొనుచుండెను. ఈసారి పూర్వపక్షమును మరింత దృఢముగా జేసి ఆపై సమూలముగా పెకలింపవలయునని యతని యుద్దేశము. ఊరంతయు మాటుమణిగియుండెను. అప్పుడు ఎవరో రెండు మారులు గొంతు సవరించుకొనిరి.

శాస్త్రి తల యెత్తెను. చావడిలో నెవరును లేరు. పడమటినుండి గంభీరమైన కంఠమొకటి వినవచ్చెను: "నీరు మనది. ఉప్పు వారిది. మాతృస్తన్యసదృశమైన యా జలము..." ఆ కంఠము తనది. ఆ యక్షరోచ్చారణ తనది. పదాంతమున రవంత యాగి యూపిరి తీయు పద్ధతియు తనదే. శాస్త్రి తన పెదవులను చేతితో తడవి చూచుకొనెను. అవి మూసియే యున్నవి.

ఇల్లాలు కనకాంబ వంటయింటినుండి గరిటెతో వచ్చి "ఎవరిమీద నండీ యా కేకలు? ఊరంతా వినుచున్నారు" అనెను.

"నేను పలుకలేదు" అని శాస్త్రి యనెను.

ఆమె భర్త ముఖము చూచెను. గట్టువైపు చూచెను. ఆ కంఠమింకను పలుకుచునే యుండెను. ఆమె లోపలికి పోయి తలుపు గడియ వేసికొనెను.

నాటినుండి ప్రతిదినమును మధ్యాహ్నమున గట్టు గొంతు సవరించుకొని శాస్త్రి కంఠముతో పలుకుచుండెను. సిద్ధాంతము పలుకదు. పూర్వపక్షమే పలుకును. ఆ వేళకు జనులు విస్తళ్లముందు నోటిముద్ద నమలుట మాని దానితోపాటు పెదవులు కదుపుచుండిరి; కదుపుచున్నట్లు వారెరుగరు. నూతివారి గడపలమీద ఎవరో దినదినమును దోసిళ్లతో ఉప్పు పోసిపోవుచుండిరి. ఎవరు పోసిరని యడిగినచో ఎవరికిని తెలియదు. వీథిలో శాస్త్రి కెదురైన పెద్దమనుష్యుడొకడు చేతులు జోడించి "తమవంటి పండితులే యట్లు నిశ్చయించినప్పుడు మాకింక సందేహమేమి?" అనెను. అది కాదు, అది పూర్వపక్షము, నా మతము వేరని శాస్త్రి విడమరచి చెప్పబోగా ఆ పెద్దమనుష్యుడు ఆదరముతో తలయూపి నవ్వి వెడలిపోయెను.

ఐదవదినమున నతడు గట్టునొద్దకు పోయెను. ఆ శిలను తాకగా జ్వరమువచ్చినవాని నుదురువలె వెచ్చగా నుండెను. శాస్త్రి కంఠమెత్తి తన సిద్ధాంతమంతయు దానికి వినిపించెను. గట్టు పలుకలేదు. చెవి యానించి వినగా లోపల చాలలోతున తన కంఠమే మెల్లగా, పాఠము వల్లెవేయు విద్యార్థివలె, మూడు పౌర్ణముల పూర్వపక్షమును మొదటినుండి నెమరువేసికొనుచుండెను. శాస్త్రి చెవి తీసికొని చెప్పులు విడిచి పరుగెత్తెను. అరువదేండ్ల తర్కవాచస్పతి పట్టపగలు వట్టికాళ్లతో పరుగెత్తుట చూచినవారెవరును లేకపోవుట యతని యదృష్టము.

ఆ పరుగున నతడు పాయయొడ్డున ఓబమ్మ గుడిసెముందుకు చేరెను. డెబ్బదేండ్ల యోబమ్మ గడపమీది యుప్పును చేటలోనికి ఊడ్చుచుండెను.

"బజార్లో కొంటే కాసులవుతాది బాబయ్యా. ఊరికే పోసీసి పోతన్నారు. ఊరగాయకి పనికొస్తాది" అని యామె నవ్వెను. ఆమె వెనుక మనుమరాలు కూర్చుండియుండెను. దాని నుదుట గుడ్డకట్టు, కట్టుపై నెత్తుటిమరక యుండెను.

శాస్త్రి యా మరకను చూచి కన్నులు దించుకొని "ఓబమ్మా, భయపడకుము. ఈసారి ఆ వాదమును పూర్వముకంటె పదిరెట్లు బలముగా..." అనబోయెను.

"వొద్దు బాబూ" అని యామె చేట దించెను. "మీకు దండం పెడతాను. మా తరపున మాటాడకండి. మీరు మాటాడినప్పుడల్లా మా పిల్లలమీద రాళ్లు పడతన్నాయి. ఆ కొమ్మన అరిస్తే అల్లరోడు అరిసేడనుకున్నారు. మీరు సెప్పినాక అది సదువైపోయింది."

జీవితములో శాస్త్రికి ఖండింపశక్యముగాని వాక్యమెదురగుట అదే మొదలు.

ఓబమ్మ మరల నడిగెను: "బాబయ్యా, ఊళ్లో నీళ్లు మీరెప్పుడైనా నోట్లో పోసుకున్నారా?"

శాస్త్రి యాలోచించెను. అతని పెరటిబావి మెట్టమీది బావి. ఆమె భర్త ప్రాణమిచ్చి త్రవ్విన బావి. అందలి నీరు నేటికిని కొబ్బరినీరే. నాలుగేండ్లుగా ఊరు త్రాగుచున్న నీటిపై మూడు పౌర్ణములు వాదించిన యా పండితుడు ఆ నీటి నొక్క గుక్కయైనను రుచిచూడలేదు. సిగ్గుతో నతని చెవులు కాలెను.

ఓబమ్మ యతనిని పాయవెంట అరక్రోసు నడిపించి పూర్వపు కరకట్టనొద్దకు తీసికొనిపోయెను. కట్ట ముప్పదిబారల మేర తెగియుండెను. తూముతలుపు చెక్కలు చీకి ఒరిగియుండెను. పోటుసమయమగుటచే సముద్రము ఆ గండిలోనుండి ఊరి యడుగునకు తీరికగా ప్రవేశించుచుండెను. "నాలుగేళ్ల కిందట మా వోళ్లు పెద్దల సావిడికొచ్చి సెప్పినారు. మీరూ ఉన్నారు బాబూ" అని యోబమ్మ యనెను.

ఉన్నాడు. శాస్త్రికి సర్వమును జ్ఞప్తికి వచ్చెను. కట్ట బాగుచేయించుట పెద్దల విధియా దేవాలయపుధర్మకర్తల విధియా యని మూడుదినములు వాదము నడచెను. పూర్వపక్షమును సిద్ధాంతమును ఆనాడును తానే చేసెను. సభ్యు లందరు మెచ్చుకొనిరి. పిదప కట్టసంగతి ఎవరికిని జ్ఞప్తి లేదు.

తిరుగుత్రోవలో నతడు నేతవీథిబావికడ నాగి దాహమిమ్మని యడిగెను. నీరు తోడుచున్న వీరక్క యను సాలెయాడుది వైశాఖసభలో వెడలగొట్టుడని గొంతు చించుకొన్నవారిలో మొదటిది. ఆమె యతనిని ఎగాదిగ చూచి చెంబు నిండించి "తాగండి శాస్తుర్లుగారూ. మా సంటిది ఇవే తాగి పోయింది" అనెను. శాస్త్రి త్రాగెను. గొంతు దిగలేదు. దింపెను. అతని కన్నుల నీరు తిరిగినది ఉప్పుచే మాత్రము కాదు.

నాలుగవ పౌర్ణమి వచ్చెను. సభాశిలచుట్టు ఇసుక వేసిన రాలనంత జనము. నూతివారు దూరముగా మూటలు కట్టుకొని నిలిచియుండిరి. కొమ్మన బండ నెక్కి తన మూడుమాటలను కేకవేసెను, గట్టు కేకవేసెను. జనులును కేకవేసిరి. పిమ్మట శాస్త్రి వంతు వచ్చెను. తోడిపెద్దలు ఈసారి పూర్వపక్షమునందు లోటు రాకుండునట్లు చూడుడని యతని చెవిలో చెప్పి పంపిరి.

శాస్త్రి చేత చెంబొకటి పట్టుకొని బండ నెక్కెను. నోరు తెరువలేదు. గొంతు సవరించుకొనలేదు. అప్పుడు గట్టు తనంతట తానే రెండు మారులు గొంతు సవరించుకొనెను. వేయిమంది శిరస్సు లొక్కసారిగా పడమటికి తిరిగెను. "నీరు మనది" అని గట్టు మొదలుపెట్టెను. శాస్త్రి పెదవులు బిగించి నిలిచి యుండగా శాస్త్రి కంఠము కొండంత నోటితో పలుకుచుండెను. తల్లులు బిడ్డలను దగ్గరకు తీసికొనిరి. కొమ్మన ముఖమున సైతము నవ్వు చెదరెను. ఏలయన ఆ కంఠము నాపుట తనవశమున లేదని యతనికిని అప్పుడే తెలిసెను.

శాస్త్రి బండ యంచుకు వచ్చి కూర్చుండెను. తిన్నెమీద కూర్చుండి పొరుగువానితో పలుకునంతటి మెల్లని గొంతుతో పలికెను. ముందువారు వినుటకు వంగిరి. వెనుకవారు దగ్గరకు జరిగిరి.

"ఇవి నేతవీథి నీళ్లు" అని చెంబెత్తి యందరును చూచుచుండగా కడవరకు త్రాగెను. ముఖము చిట్లించుకొనెను. "ఉప్పు. నాలుగేండ్లుగా మీరు త్రాగుచున్నారు. నా బావి తియ్యనిది గనుక నేనెరుగను. పాయకట్ట తెగినది. తెగినదని నాడే వచ్చి చెప్పిరి. చెప్పినవారు నూతివారు. విని యూరకున్నది మేము ఏడుగురము. అందు నేనొకడను. వీరక్క బిడ్డకు బాధ్యులము మేము. నేనిప్పుడు కట్టకు పోవుచున్నాను. నాకు మన్ను మోయుట రాదు. నేర్పువారు రండు."

"గట్టిగా పలుకుము! గట్టు వినవలయును గదా!" అని కొమ్మన యరచెను.

"గట్టు నా మాటలు మిక్కిలిగా వినినది. నేడు వీరితో మాటాడవచ్చితిని" అని శాస్త్రి యదే మెల్లనిగొంతుతో ననెను. కొమ్మన పేరెత్తలేదు. అతని మూడుమాటలలో నొక్కటియు నోట రానీయలేదు. బండ దిగి పంచె యెగగట్టి తూర్పునకు నడచెను.

సభాతలారి యాచారముచొప్పున గట్టునకు చెవి యొగ్గి నిలిచెను. గట్టు తన పాతపాఠమునే పలుకుచుండెను. శాస్త్రి నేడు పలికిన మాటలలో నొక్కటియు పలుకలేదు. ప్రతివాది మాట గట్టు పలుకలేదు గనుక చేతులెత్తరాదని, వివాదము ఆషాఢపౌర్ణమికి పోయినదని తలారి చాటెను. ఇట్లగునని తెలిసియే శాస్త్రి మెల్లగా పలికెనా లేక సిగ్గుచే గొంతు లేవలేదా యని నేటికిని ఊరిలో రెండు పక్షములు కలవు. కొమ్మన పక్షమువారు దుమ్మెత్తిపోసిరి. ఆ గలభాలోనుండి వీరక్క యొక్కతె గంపను తలకెత్తుకొని తూర్పునకు బయలుదేరెను. ఎవరో పిలిచిరి. ఆమె వెనుదిరుగలేదు.

మొదటిదినము కట్టమీద పదునొకండ్రు. ఓబమ్మ పాయయొడ్డున కూర్చుండి మన్నెట్లు తొక్కవలయునో చెప్పుచు తర్కవాచస్పతిని అందరికంటె నెక్కువ తిట్టుచుండెను. పదియవదినమునకు నూటయిరువదిమంది. నీటిరుచి చూచుటకు వచ్చినవారు కొందరు, పెద్దలు బురదలో నిలుచుట చూచి యానందించుటకు వచ్చినవారు మరికొందరు. చూడవచ్చినవారి చేతికిని ఓబమ్మ గంప నిచ్చెను. మధ్యాహ్నమున గట్టు దూరమునుండి శాస్త్రి కంఠముతో పలుకుచుండగా మన్ను మోయువారు మొదట ఉలికిపడి నిలుచుచుండిరి. మన్ను తడియారునను తొందరచే క్రమముగా నిలుచుట మానిరి. ఆషాఢపువానలు కురిసి పూడ్చిన గండి నిలిచి బావులలో ఉప్పు కొంత విరిగెను. పౌర్ణమినాడు ఇరుపక్షముల మాటలను గట్టు పలికిన పిమ్మట చేతులెత్తినప్పుడు వెడలగొట్టుడని లేచిన చేతులు సగమునకు కొంచెము తక్కువయ్యెను. కొంచెమే. నూతివారు మూటలు విప్పుకొనిరి. కొమ్మన యూరు విడువలేదు. సుంకపుద్వారమునొద్ద నేటికిని అతని చుట్టు జనమున్నారు.

గట్టు మాత్రము మానలేదు. నీరు తియ్యనగుట దానికి తెలియదు. శాస్త్రి తన పెరటిబావిపై పలక మూయించి నాటినుండి కడవ భుజముపై నిడుకొని దినదినమును నేతవీథినుండి నీరు తెచ్చుకొనుచుండెను. మిట్టమధ్యాహ్నమున నతడు వీథి నడుమ నుండగా పడమట రెండు మారులు గొంతు సవరించిన చప్పుడగును. తన కంఠమే, వయస్సుడుగని తన పూర్వకంఠమే, మనుష్యులను వెడలగొట్టుమని మధురముగా పలుకును. ఆ క్షణమున నతని యడుగు తడబడును. బదులు చెప్పుటకు నాలుక కదలును. వృద్ధుడు పెదవులు బిగించి కడవ తొణకకుండ సరిచేసికొని యింటివైపు నడచును; కనకాంబ పప్పు పొయ్యిమీద పెట్టి నీటికొరకు ఎదురుచూచుచుండును.